ట్రైఫీనా పతకం

మందపాటి కాగితం మీద వచ్చిన ఉత్తరం ఏదీ మా దీవికి మేలు చేయలేదు. బడి మూసేసినప్పుడు అలాంటిదే వచ్చింది. పోస్టాఫీసు చూసేది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు. అందుకే ట్రైఫీనా స్ట్రిక్‌లాండ్ చేతికి ఆ కవరు ఇస్తూ, "జాగ్రత్త తల్లీ" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

రాణి గద్దెనెక్కి అరవై ఏళ్ళు నిండిన సందర్భంగా, ప్రజాసేవ చేసినవాళ్ళకు ఇచ్చే పతకం ఆమెకు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా మా చిన్న ఆసుపత్రిని నడుపుతున్నది ఆమే. పొగమంచులో డాక్టరు పడవ రాలేని రోజుల్లో పురుళ్ళు పోసింది, గాలాలు గుచ్చుకున్న వేళ్ళకు కుట్లు వేసింది. నా పెద్దకొడుకు బతికి ఉన్నాడంటే ఆమె చలవే.

"ఇన్నేళ్ళూ గుర్తురానిదాన్ని ఇప్పుడెందుకు గుర్తొచ్చానే?" అంది ట్రైఫీనా.

ఎందుకో మాకు తెలుసనుకున్నాం. ఆ నెలాఖరునే ఓటింగు. మా న్యూఫౌండ్‌లాండ్ రాష్ట్రంలో మాలాంటి ఊరిని ప్రభుత్వం డబ్బిచ్చి ఖాళీ చేయించాలంటే పదిమందిలో తొమ్మిదిమంది "వెళ్ళిపోతాం" అనాలి. ఓటర్లం నలభైమందిమి. ఐదుగురు కాదంటే ఊరు నిలుస్తుంది. కాదనేవాళ్ళు మా ఇద్దరితో కలిపి నలుగురు తేలారు. ఐదోవారు ఎవరో తెలియదు.

ఉత్తరం అడుగున, ఆమె పేరు పంపిన మనిషి పేరుంది: అజరయా కీపింగ్. ఆమె పక్కింటివాడు, ఓటు ఎటో పైకి చెప్పని మనిషి.

"బిళ్ళ తగిలించి నా నోరు మూయిద్దామనా?" అని లేచింది ట్రైఫీనా.

ఆపలేదు సరికదా, "వాడి కూతురు పట్నంలో ఇల్లు చూస్తోందట" అని నేనే ఎగదోశాను.

మా దీవిలో ఎవరూ తలుపు కొట్టరు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి టీ అడుగుతారు. తలుపు కొట్టేది బయటివాళ్ళే. ఆ రోజు ట్రైఫీనా, నేను వెనకే నిలబడి ఉండగా, అజరయా తలుపు మూడుసార్లు కొట్టింది.

అతను కంగారుగా వచ్చాడు. "ఏంటక్కా, తలుపు కొడుతున్నావ్? ఎవరు పోయారు?"

"నా ఓటుకి బిళ్ళతో బేరం పెట్టావేంట్రా? సిగ్గు లేదూ?"

అజరయా మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పతకమున్న మనిషి నడిపే ఆసుపత్రిని మూయాలంటే ప్రభుత్వంవాళ్ళకి మొహం చెల్లదని రాశానక్కా. నాలుగు పేజీలు. వారం పట్టింది."

"భలే అల్లావురా కథ!"

"అంటే నేను పరాయివాణ్ణైపోయానన్నమాట," అని మెల్లగా తలుపు వేసేశాడు.

ఓట్లు లెక్కపెట్టారు. వెళ్ళిపోతామన్నవి ముప్పై ఆరు, కాదన్నవి నాలుగు. అజరయా ఎటు వేశాడో అడిగే ధైర్యం మాకు లేకపోయింది. అడగాల్సిన అవసరమూ లేదు.

తర్వాతి ఆదివారం చర్చి హాల్లో పతకం ఇచ్చారు. రాజధాని నుంచి వచ్చిన అధికారికి మా ఓటింగు సంగతి తెలిసినట్టు లేదు. పతకాన్ని ఆమె కోటుకి గుచ్చుతూ, "మీరుండగా ఇక్కడి జనానికి ఏ భయమూ లేదమ్మా" అన్నాడు.

"ఇక్కడ జనం ఉండరు బాబూ," అంది ట్రైఫీనా. "నేనే పంపించేశాను."

మేమిద్దరం పంపించేశాం అనాల్సింది. నేను మొదటి వరసలోనే కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు.