గచ్చులో తగ్గిన బెల్లం

నాందేడ్‌లోని మా పాత చర్చికి గుమ్మం పక్కన చరిత్ర బోర్డు పెట్టాలనుకున్నారు. రిటైరైన పంతులమ్మనని రాసే పని నాకు అప్పగించారు. నిజాం కాలంలో తెల్ల ఫాదర్ స్థలం ఎలా సంపాదించాడో, గంట ఎంత కష్టపడి తెప్పించాడో అంతా రాశాను. చివర ఒక్క వాక్యం నా సొంతంగా కలిపాను. గొడవంతా దాంతోనే.

చర్చిలో గచ్చు నేల నున్నగా, చల్లగా ఉంటుంది, బలిపీఠం ఎడమ పక్క మంచమంత మేర తప్ప. అక్కడ గరుకు, పెచ్చులు. వాన నీళ్ళకు అలా అయిందని వచ్చినవాళ్ళకు చెప్పి, పైన చాప కప్పుతారు. పచ్చి అబద్ధం. ఆ గచ్చు దంచింది మా జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్ వైపు నుంచి పనికి వచ్చిన మా ఆడకూలీలు. మా నానమ్మ వాళ్ళలో ఒకతె. సున్నం గట్టిపడడానికి అందులో బెల్లం నీళ్ళు కలిపేవారు. ఆ ఏడు కరువు. పొద్దుటి నుంచి ఏమీ తినని ఆడవాళ్ళు ఆఖరి కుండలోని బెల్లం నీళ్ళు తాగేసి, సున్నంలో ఉత్త నీళ్ళు పోశారు. నానమ్మ ఈ సంగతి నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం విన్నప్పుడల్లా, వాళ్ళను పస్తులతో పని చేయించుకున్నవాళ్ళ మీద ఒళ్ళు మండేది.

కమిటీ పెద్ద మావాడే, వరసకు అన్న. ఆకలికి ఆ బెల్లం నీళ్ళు తాగారని నేను కలిపిన వాక్యాన్ని కాగితం మీద కొట్టేశాడు.

"మనోళ్ళు దొంగతనం చేసిన్రని గోడకు రాసుకుంటమా చెల్లె? ఇజ్జత్ పోతది."

"దొంగతనమని నేనేడ రాసిన అన్నా? ఆకలైందని రాసిన. అది తీస్తే మొత్తం తీసెయ్. ఫాదర్ల గురించి ఎవరన్న రాస్తరు."

కూలి చేసి బతికినవాళ్ళ మనవరాలిని. నాలుగక్షరాలు వచ్చాయని నానమ్మ ఆకలికి సిగ్గుపడాలా? నేను తగ్గలేదు. ఆదివారం పూజయ్యాక, రాసింది చదవమని ఫాదర్ పిలిస్తే, కొట్టేసిన వాక్యంతో సహా చదివాను. అప్పుడు వెనక బెంచీలోంచి అన్న వాళ్ళమ్మ కర్ర ఊతంగా లేచింది.

"మా అత్త గూడ తాగింది. సచ్చేదాక నాకు చెప్పుకుంటనే ఉండె. రాయుర్రి," అంది కొడుకు వంక చూస్తూ.

అన్న తల వంచుకున్నాడు. ఫాదర్ సరేనన్నాడు. తీరా బోర్డు రాసేరోజు, ఆ వాక్యాన్ని మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో వేద్దామన్నారు కమిటీవాళ్ళు. ఒప్పుకోలేదు. రంగు డబ్బా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫాదర్ల పేర్లు ఎంతెత్తు అక్షరాల్లో ఉన్నాయో, మా ఆడవాళ్ళ ఆకలీ అంతెత్తు అక్షరాల్లోనే ఉంది.