రోప్ మాస్టారి భయాల జాబితా

సంతాప సభలో మన కాలనీ కార్యదర్శిగారు మైకు పట్టుకుని, "మా రోప్ మాస్టారు భయమంటే ఎరుగని మనిషి" అన్నారు. పోయినవాళ్ళు లేచి కాదనరని ధైర్యం కాబోలు. కాదనడానికి నేనున్నాను. నా డెబ్బై రెండేళ్ళ జీవితంలో ఆయనంత భయస్థుణ్ణి చూడలేదు.

కిందటి బుధవారం ఉదయం ఆయన భార్య ఫోన్ చేసింది. "అమ్మా, చాయ్ ఇచ్చి లోపటికి వోయిన. మల్ల వచ్చి చూస్తే ఉలుకు లేదు, పలుకు లేదు." నలభై ఏళ్ళు సినిమా వాళ్ళను తాళ్ళకు కట్టి గాల్లో ఎగరేసిన మనిషి, నేల మీద, కుర్చీలో కూర్చుని పోయారు. ఏ కుర్చీనైనా చేత్తో ఊపి చూసి గానీ కూర్చునేవారు కాదు. ఆ రోజూ ఊపి చూసే ఉంటారు. ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇక మమ్మల్ని అడిగేవాళ్ళెవరు?

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ కంప్యూటర్ ప్రోగ్రాములు రాశాను. మా మనవరాలూ అదే పనిలో పడింది. మనిషిని ఎగరేసే తాడు ఎంత బరువు మోస్తుందో, ఎంత వేగంగా లాగవచ్చో, ఎక్కడ ఆపాలో లెక్కగట్టే ప్రోగ్రాం ఒక స్టూడియో కోసం రాసింది. అది తప్పు చెబితే ఎవరో ఒకరు కింద పడతారు. అందుకని దాన్ని పరీక్షించే పని నేను తీసుకున్నాను. ఫలానా బరువు, ఫలానా ఎత్తు ఇస్తే ఫలానా జవాబు రావాలి అని సరిచూసే చిన్న చిన్న పరీక్షలవి. అవి కూడా ప్రోగ్రాములే. లెక్కలు చూసిపెట్టమని, మన కాలనీలోనే ఫిల్మ్ నగర్ వైపు ఉండే మాస్టారిని జూబ్లీ హిల్స్ వైపున్న మా ఇంటికి పిలిపించాం.

నేను రాసినవి చదివి వినిపించాను. నాలుగోదానికే చెయ్యెత్తారు.

"ఏందమ్మా, గదే ప్రశ్న మళ్ల మళ్ల రాసిన్రు? మనిషి మారిండు, బరువు మారింది. అడిగేది మారలే గద?"

నా ఇంట్లో నాకే పాఠం. కోపం వచ్చింది. ఆయన చెప్పింది నిజమే కావడంతో ఇంకా వచ్చింది. ఆ సాయంత్రమే నకళ్ళన్నీ చెరిపేసి ప్రశ్నను ఒక్కసారే రాసి, పక్కన ఒక జాబితా పెట్టాను. నడిపినప్పుడల్లా జాబితాలోని ఒక్కో వరుస నుంచి ఒక్కో పరీక్ష తనంతట తానే పుడుతుంది. చేత్తో లాగే తాడు కోసం రాసిన ఆ ప్రశ్నలనే, తర్వాత మోటారుతో లాగే యంత్రం వచ్చినప్పుడు దాని లెక్కలకూ పెట్టాను. "కొత్తది గదా అని మొహమాటపడకుండ్రి. పాత ప్రశ్నలే అడుగుండ్రి" అన్నారు మాస్టారు. అడిగితే మూడింట్లో తప్పింది.

జాబితా మాత్రం పూర్తిగా ఆయనదే. వారానికోసారి వచ్చి, కళ్ళు మూసుకుని ఒక్కో వరుస చెప్పేవారు. అంకెలతోపాటు ప్రతి వరుసకూ పేరుండాలని పట్టుబట్టారు. "పద్నాలుగో పరీక్ష అంటే ఏం యాదికొస్తది?" అనేవారు. అలా వచ్చాయి: చెమటకు జారిన బెల్టు, బిర్యానీ తిని వచ్చిన హీరో, చెప్పకుండా వీచిన గాలి. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పేరు చెబుతుంటే అరచేతులు తాడు పట్టుకున్నట్టు ముడుచుకునేవి.

"ఇంత భయమైతే ఈ పనిలో ఎలా ఉన్నారు మాస్టారూ?"

"భయం లేనోన్ని నేను తాడు ముట్టనియ్యనమ్మా."

ఒక మధ్యాహ్నం ప్రోగ్రాంని స్టూడియోకి పంపే ముందు మనవరాలు పరీక్షలు నడిపింది. తెర పచ్చబడింది. "అమ్మమ్మా, ఒక్కటీ తప్పలేదు!" అని అరిచింది. నేను కాఫీ కలిపాను. ఆయన కప్పు ముట్టలేదు.

"ఎన్ని నడిచినయి బిడ్డా?"

"అన్నీ అంకుల్."

"అన్నీ అంటే ఎన్ని?"

చూశాం. సున్నా. ముందురోజు నేనే జాబితా ఫైలును వేరేచోట సర్దిపెట్టాను. ప్రోగ్రాంకు ఖాళీ జాబితా దొరికింది. అందులోంచి ఒక్క పరీక్షా పుట్టలేదు. పుట్టనిది తప్పేదెలా?

"ఎవ్వలు పరీక్ష రాయకుంటే ఎవ్వలు ఫెయిల్ కారు గదమ్మా" అన్నారు మెల్లగా. అరిచినా బాగుండేది. అసలు ఎన్ని పరీక్షలు పుట్టాయో ముందుగా లెక్కపెట్టే పరీక్షను ఆయన కదలకుండా కూర్చుని రాయించారు. ఆ తర్వాతే చల్లారిన కాఫీ తాగారు.

మొన్న, ఆయన లేకుండా మొదటిసారి నడిపాం. నలభై మూడు వరుసలు, నలభై మూడు పరీక్షలు, అన్నీ పచ్చగా.

"ఇంకేం అమ్మమ్మా? ఎందుకలా చూస్తున్నావ్?"

"షాట్ ఏమిటే?"

"వాన పాట. డూప్ అమ్మాయి లెహంగాతో నాలుగో అంతస్తు దాకా లేస్తుంది. వచ్చే శుక్రవారం."

నలభై మూడు పేర్లూ చదివాను. గాలి ఉంది, చెమట ఉంది, బిర్యానీ ఉంది. తడిసిన బట్ట లేదు. అలాంటి షాట్ ఆయనకు ఎప్పుడూ పడలేదో, చెప్పే వ్యవధి దొరకలేదో నాకు తెలియదు. తెర పచ్చబడిందంటే ఆయన భయపడినవాటికి మా దగ్గర జవాబుందని అర్థం, అంతే. ఆయనకు తట్టనిదానికి భయపడటం ఇప్పుడు నా వంతు. ఆ పని నాకు ఆయనంత బాగా రాదు. ఆ డూప్ అమ్మాయిని కలిసి తడి బట్ట సంగతి చెప్పాను. "మాస్టర్ నేర్పిన టీమే కదా మేడమ్, ఏం కాదులెండి" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు అన్నం సహించడం లేదు.

ఆ సినిమా ఆఫీసుకు ఫోన్ చేస్తే, కాస్ట్యూమ్ సంగతి కాస్ట్యూమ్ వాళ్ళనే అడగమన్నారు. తడి బరువు తెలిసేదాకా ప్రోగ్రాం పంపనని మనవరాలు అంటోంది. పంపకపోతే పొడి బరువుతోనే లాగేస్తారేమోనని నా బెంగ. ఈ కాలనీ పత్రిక ఆదివారానికి మీ చేతికి వస్తుంది. మీలో కాస్ట్యూమ్ వాళ్ళున్నారు. ఆ లెహంగా ఎవరి దగ్గరుందో వాళ్ళు మంగళవారం లోపు ఈ ఒక్క పని చేసిపెట్టండి. పెద్ద టబ్బు నిండా నీళ్ళు పోసి, లోపలి పావడా, దుపట్టాతో సహా దాన్ని అరగంట నానబెట్టండి. కొక్కెం ఉన్న తూకానికి తగిలించి, నీళ్ళు కారుతుండగానే అంకె చూడండి. సుమారుగా ఇంత అనొద్దు. కాగితం మీద రాసి మా గేటు దగ్గర ఇచ్చి వెళ్ళండి. ఖరీదైన బట్ట కదా అని చేతులు ముందుకు పోతాయి. పిండకండి.