పారబోసిన ఎరుపు

2023 ఎండాకాలం. సైనిక్‌పురిలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఫ్యాక్టరీల్లో ద్రవాలను శుద్ధి చేసే యంత్రాలకు కంప్యూటర్‌లో మోడల్ కట్టి, లోపల ఏం జరుగుతుందో లెక్కగట్టి చెప్పడం నా పని. ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగమని చుట్టాల్లో నాకు మంచి పేరే ఉంది.

మౌలాలిలో చిన్న యూనిట్ నడిపే నజ్మా ఆ వేసవిలోనే వచ్చింది. ఎర్రగోంగూర పూలు నానబెట్టి షర్బత్‌లోకి రంగు తీస్తుంది. ఆ కషాయంలో రంగుతోపాటు వగరూ ఉంటుంది. అది పోవడానికి కాలమ్ గుండా, అంటే రెజిన్ అనే సన్నటి గుళికలు నింపిన నిలువు గొట్టం గుండా పంపుతారు. నీళ్లలో కరిగిన పదార్థం అలా గుళికల ఒంటికి అంటుకుని ఉండిపోవడాన్నే అడ్సార్ప్షన్ అంటాం.

"వగరున్నదని రెండుసార్లు సరుకు వాపస్ పంపిండ్రు మేడమ్. ఈసారి సుత గిట్లనే అయితే ఆర్డర్ పోతది, యూనిట్‌కు తాళమే" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, కోపముంది. మనిషి నాకు వెంటనే నచ్చింది.

ఆమె తెచ్చిన కషాయాన్నీ గుళికలనూ ల్యాబ్‌లో పరీక్ష చేయించి మోడల్ నడిపాను. గ్రాఫ్ మధ్యలో మూపురం లేచింది. పోసిన కషాయంలోకన్నా బయటికొచ్చే దాంట్లో రంగు ఎక్కువ!

నజ్మా పకపకా నవ్వింది. "గట్లెట్ల మేడమ్? గొట్టంల రంగు పుడ్తదా?"

"పుట్టదు. గుళికల మీద రంగు ముందొచ్చి సీటు పట్టుకుంటుంది. వెనకొచ్చే వగరుకి బలమెక్కువ, దాన్ని లేపి తను కూర్చుంటుంది. లేచిన రంగు, కొత్తగా వచ్చే రంగుతో కలిసి బయటపడుతుంది. అందుకే అంత చిక్కన."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆ నల్లెరుపు మేం పారబోస్తున్నం గద! రెజిన్ మురికి వదుల్తుందనుకున్నం. పోసిన రంగు, వచ్చే రంగు ఒక్కతీరు అయినంకనే డబ్బాలల్ల పడుతున్నం."

నేను తల పట్టుకున్నాను. రెండు రంగులూ ఒకటయ్యేసరికి గుళికల మీద ఇక చోటుండదు, వగరు నేరుగా బయటికొచ్చేస్తుంది. వెన్న పారబోసి మజ్జిగ దాచుకున్నట్టు, కావలసింది కాలవలోకి పోతోంది.

మర్నాడు వాళ్ల షెడ్‌లో గొట్టం కింద సీసాలు పెట్టి కూర్చున్నాం. మొదట తెల్లటి నీళ్లు, తర్వాత గులాబీ, ఆపైన చిక్కటి ఎరుపు. ఆ ఎరుపునే పట్టి, నీళ్లు కలిపి గ్లాసులో పోశాం. రుచి విషయంలో ఆ ఇంటి సుప్రీంకోర్టు నజ్మా అత్తగారు. మోడల్ మీద నమ్మకం ఉన్నా, ఆవిడ గ్లాసు ఎత్తితే నేను ముందుకు వంగి ఆ ముఖంలోకే చూశాను. పెద్దావిడ గుక్కెడు తాగి, ముఖం చిట్లించకుండా గ్లాసు చాపింది.

"జెర చక్కెర కలుపు బిడ్డా, మంచిగుంది."

నజ్మా ఎర్రటి చేతులతోనే నన్ను వాటేసుకుంది. నా తెల్ల కుర్తా పాడైనా ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ సరుకు వాపస్ రాలేదు, యూనిట్‌కు తాళమూ పడలేదు. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా వాళ్లు ముందు తయారైన సరుకు చూపించబోతారు. నేను మాత్రం, "మీరు పారబోసేది ముందు చూపించండి" అంటాను.