అద్దకంవాడి ముద్ర

మా ముత్తాతగారు కృష్ణ ఒడ్డున ఊళ్ళకు ఊళ్ళే ఏలిన జమీందారు. ఆయన తండ్రిగారు కలెక్టరు దొర ఎదుట కుర్చీలో కూర్చునే హక్కు ఉన్నవారు. నా చిన్నతనం వచ్చేసరికి ఆ హోదా అంతా మిషిగన్‌లోని నోవైలో, ఒక మామూలు ఇంట్లో, మా తాతయ్య నిటారు వెన్నులో మాత్రమే మిగిలింది. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. తాతయ్య డ్రైవ్‌వే మీద మంచు ఎత్తడానికి పార పట్టుకున్నప్పుడు కూడా, కోటు మీద కండువా ఉండవలసిందే.

ఎదురింట్లో ఒక జపాన్ పెద్దాయన కూతురి దగ్గర ఉండేవారు. చెర్రీ చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, దాని మీద తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి దిమ్మతో రుద్ది అచ్చు తీసేవారు. స్కూలు నుంచి రాగానే నేను వాళ్ళ గరాజ్‌లో చేరేవాణ్ణి. ఆయన పసితనంలోనే క్యోటోలో ఒక అచ్చుల దుకాణంలో పనికి కుదిరారట. జుట్టు నెరిసేదాకా ఇతరులు గీసిన బొమ్మలనే అద్దారట. ఆ బొమ్మల మీద గీసినవారి పేరు ఉండేది, దుకాణం ముద్ర ఉండేది. అద్దిన మనిషి పేరుకు చోటు ఉండేది కాదు. ఆయన సొంత బొమ్మలు మొదలుపెట్టింది అమెరికా వచ్చాకే.

తాతయ్య మొదటిసారి ఆ పని చూసి, "ఓహో, అద్దకంవాడా!" అన్నారు. మా జమీలో చీరల మీద అచ్చులు అద్దేవాళ్ళను అలాగే పిలిచేవారు. వాళ్ళు పెరటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. తెలుగు తెలియదన్న ధీమాతో తాతయ్య ఆయన ముఖం మీదే ఆ పిలుపు పిలిచేవారు. నేను జపాన్ తాతగారు అంటే మాత్రం, "అద్దకంవాడు నీకు తాతగారు ఎప్పుడయ్యాడ్రా?" అని కసిరేవారు.

ఆ మాటకు అర్థమేమిటని జపాన్ తాతగారు ఒకరోజు అమ్మను అడిగారు. అమ్మ తడబడి, గొప్ప కళాకారులను మేము అలా గౌరవిస్తాం అని చెప్పింది. ఆయన నడుము వంచి తాతయ్యకు వందనం చేశారు. తాతయ్య దాన్ని స్వీకరించారు కూడా.

ఆ చలికాలం ఊరి లైబ్రరీలో జపాన్ తాతగారి బొమ్మల ప్రదర్శన పెడతామన్నారు. ఆయన పల్చటి కాగితం ఒకటి తెచ్చి నాన్న ముందు పరిచి, ఆ బిరుదును మీ లిపిలో రాసిస్తే తిరగేసి చెక్కుకుని ముద్రగా వేసుకుంటాను అన్నారు. నాన్న కలం కాగితం మీద ఆగిపోయింది. రేపు రాసిస్తానని పంపేశారు.

"ఏ శిల్పాచార్య అనో రాసివ్వండి. ఆయనకేం తెలుస్తుంది?" అంది అమ్మ.

"ఊళ్ళో తెలుగువాళ్ళంతా వచ్చి చూస్తారు. ఆయన పలికేది ఒకటి, బొమ్మ మీద ఇంకొకటి. నలుగురిలో నవ్వులపాలు చేద్దామా?" అన్నారు నాన్న.

తాతయ్య లేచి కోటు తొడుక్కున్నారు. మంచులో జారకుండా నా భుజం పట్టుకుని వీధి దాటారు. గరాజ్‌లో జపాన్ తాతగారి ఎదుట నిలబడి, ఇంగ్లీషులో "ఆ మాట చెక్కవద్దు. అది బిరుదు కాదు. అచ్చులు అద్దే మనిషిని మేము పెరట్లో నిలబెట్టి పిలిచే పిలుపు," అన్నారు. మా తాతయ్య గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదలు. నేను నేల చూపులు చూశాను.

జపాన్ తాతగారు చేతిలోని ఉలి తుడిచి పక్కన పెట్టారు. "అద్దేవాడు అనేగా అర్థం?"

"అవును."

"మీరు పిలిచినప్పుడల్లా మీ కోడలు తల దించుకునేది. గౌరవానికి ఎవరూ అలా దించుకోరు," అని నవ్వారు. "క్యోటోలో మా మేస్త్రీ నన్ను పిలిచిన మాట ఇంతకంటే ఘోరం. అది చెక్కితే చెక్క పగులుతుంది. ఇది నా పని పేరు. ఇన్నేళ్ళు బొమ్మ మీద దానికి చోటు లేకపోయింది. మీరే రాసివ్వండి."

తాతయ్య కుంచె తీసుకున్నారు. చివర 'డు' తీసి 'రు' పెడతాను, ఒక్క అక్షరంతో గౌరవం వస్తుంది అని బతిమాలినట్టు చెప్పారు.

"వద్దు. పిలిచినట్టే రాయండి."

తాతయ్య రాశారు. 'వా' దీర్ఘం వంకర పోయింది. ఆయన ఆ వంకరను కూడా అలాగే చెక్కారు.

మంచు కప్పిన మా వీధి మెయిల్‌బాక్సుల బొమ్మ కింద ఎర్రటి ముద్రగా అది లైబ్రరీ గోడ మీదికి ఎక్కింది. చూడడానికి వచ్చిన తెలుగు అంకుల్ ఒకాయన పైకి చదివి, "అద్దకంవాడు! పెద్దాయన్ని పట్టుకుని ఇలా రాసిన మహానుభావుడెవరండీ?" అని నవ్వాడు. గది వెనక నుంచి తాతయ్య, "నేనే," అన్నారు.

ఆ జపాన్ తాతగారి అచ్చులు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. ఒకచోట ఆ ముద్ర పక్కన, భారతదేశపు రాజవంశం ఒకటి ఇచ్చిన బిరుదు అని రాసి ఉంది. అది చదివి, ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేశాను. ఈ వయసులోనూ, పనికి వచ్చిన మనిషి గురించి 'వాడు' అనబోతే నా నాలుక దగ్గర ఏదో అడ్డుపడుతుంది. ఎదుటి మనిషికి మన భాష రాకపోతే మరీను.

ఆ మెయిల్‌బాక్సుల బొమ్మ అచ్చు ఒకటి ఆయన సంతకం చేసి మాకు ఇచ్చారు, అది ఇప్పుడు మా దగ్గర లేదు. తాతయ్య చనిపోయిన ఏడాదే నాన్న దాన్ని వేలంలో అమ్మేశారు.