మొలక లేవని గీత

ఆ రోజుల్లో నా చేతుల మీద నాకు మహా నమ్మకం. (మిగతా ఒంటి మీద కూడా ఉండేది, అద్దం ముందు నిలబడినప్పుడు.) పుదుచ్చేరిలో ఒక వైద్య కళాశాల ల్యాబులో సహాయకుడి ఉద్యోగం ఉందంటే మా ఊరు బాహూరు నుంచి బస్సెక్కి వెళ్ళాను. మధ్యాహ్నం పూట సముద్రపు గాలికి ల్యాబు కిటికీ తెర మెల్లగా ఊగుతోంది. ఉద్యోగం వచ్చేసినట్టూ, తెల్లకోటు వేసుకుని వైట్ టౌన్ వీధుల్లో సైకిలు తొక్కుతున్నట్టూ కలగంటూ కూర్చున్నాను. పక్కనే ఒళ్ళో పెరుగన్నం క్యారియరుతో మా అవ్వ. ("ఒక్కడివే యాడికి పోతావురా, నేనూ వస్తా" అంది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు!)

ల్యాబు నడిపే మేడమ్ పెట్టిన పరీక్ష చిత్రమైంది. బొటనవేలితో ఒక కమ్మీని శక్తికొద్దీ నొక్కాలి. నొక్కినకొద్దీ కంప్యూటరు తెర మీద గీత పైకెక్కుతుంది. అలా బిగబట్టి ఉన్నప్పుడే మణికట్టు దగ్గర నరానికి చిటుక్కున కరెంటు ఇస్తారు. కండలో ఇంకా బలం మిగిలుంటే వేలు దానంతటదే ఉలిక్కిపడి, గీత మీద చిన్న మొలక లేస్తుంది. ఉన్నదంతా పెట్టేస్తే ఏమీ లేవదు. "పరీక్షకి వచ్చేవాళ్ళ చేత పూర్తిగా నొక్కించడమే నీ పని. ముందు నువ్వు నొక్కి చూపించు" అంది మేడమ్. పళ్ళు బిగించాను, మూలిగాను, చెమటలు కక్కాను. మొలక లేచింది. మళ్ళీ నొక్కితే ఇంకా పెద్దది లేచింది. నిజం చెప్పొద్దూ, నాకు కరెంటంటే భయం. అది కొట్టేలోపే చెయ్యి వదులైపోయేది. తెల్లకోటు, సైకిలు అన్నీ గాల్లో కలిసిపోయాయనుకున్నాను.

"ఏంది మేడమ్, మావోడి చేతికేమన్నా జబ్బా? నా చెయ్యి పెట్టి చూడండి" అంటూ అవ్వ లేచింది. మేడమ్ నవ్వి కూర్చోబెట్టింది. ఏళ్ళ తరబడి బాహూరు మళ్ళలో నారు పీకిన చెయ్యి అది. నొక్కింది. కరెంటు కొట్టింది. గీత కదల్లేదు. మూడుసార్లూ అంతే. మొలక లేస్తేనే బలమనుకుందో ఏమో, అవ్వ మొహం వాడిపోయింది. "నాది లేవలేదు గదరా! నా వల్ల నీ పని చెడిపోయిందేమో" అంటూ చెయ్యి కడుక్కోవడానికి బయటికెళ్ళింది.

మేడమ్ కంప్యూటరు తెరకేసి చూసింది. "ఆవిడ ఏమీ దాచుకోలేదు. ఆ మాట మీ అవ్వకి నువ్వే చెప్పు" అంది. తర్వాత నాకేసి తిరిగి, "సోమవారం నుంచి రా. ఎట్లా దాచుకుంటారో నీకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు" అంది.

చెప్పలేదు. తిరుగు బస్సులో అవ్వ నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని "నీ కండే కండరా. ముసలిదాన్ని, నాకు యాడిది బలం?" అని మురిసిపోతుంటే, "అవునవ్వా" అంటూ కిటికీలోంచి బాహూరు చెరువుకేసి చూశాను. ఊళ్ళో అందరికీ నా మొలకల గురించే చెప్పుకుంది, పోయేదాకా.

ఇప్పుడు రోజూ ఎవరెవరికో చెబుతుంటాను, గీత కదలకపోతే మీరు గెలిచినట్టే అని. విని వాళ్ళు సంబరపడుతుంటే అవ్వ మొహం గుర్తొచ్చి నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. ఎవరూ లేని మధ్యాహ్నాల్లో, కిటికీ తెర ఊగుతుంటే, నా వేలు నేనే కమ్మీ మీద పెట్టి అవ్వని తలుచుకుని నొక్కుతాను. మొలక ఇంకా లేస్తూనే ఉంది.