మునిగిన ఊరి వీధి, కాలిపోయిన ల్యాప్‌టాప్

2022 వేసవి. ప్రొద్దుటూరులో నేను నడిపే ల్యాప్‌టాప్ రిపేరు షాపుకు మాబు మామ వచ్చాడు. జమ్మలమడుగు చుట్టుపక్కల పెళ్లి వీడియోలు తీసే మనిషి. ఆయన పుట్టిన ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయింది. తెచ్చిన ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు కాలిపోయింది. బాగుచేయడం దండగ, పార్టుల కోసం నేనే కొనుక్కుంటానన్నాను.

“తీసుకో పాపా. లోపలుండేది మాత్రం ఒక్కటి మిగలగూడదు. నమ్మి పెండ్లిండ్లకు పిలిచినారు. ఆడబిడ్డల ఫోటోలు ఎవనికన్నా దొరికితే నేను యాడ తలెత్తుకోని తిరగాల?”

ఆన్ కానిదాంట్లో ఇంకేముంటుందిలే అని అమ్మేసేవాళ్లే ఎక్కువ. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫైళ్లుండే హార్డ్ డిస్క్‌ను ఊడదీసి వేరే కంప్యూటరుకు తగిలిస్తే అన్నీ కనిపిస్తాయి. పైపైన ఫార్మాట్ చేసినా అవి లోపలే ఉంటాయి. అందుకే డిస్క్ మొత్తం సున్నాలతో నింపుతాం. దాన్నే వైప్ అంటాం.

మామ నవ్వాడు. “అయితే ఫార్మాట్ చేసింది మా ఊరి మాదిరే. పైకి కనపడదు, అడుగున ఉంటాది.”

డిస్క్ తగిలించాను. ఫోల్డర్లన్నీ పెళ్లివాళ్ల పేర్లే. వాళ్ల కాపీలు ఎప్పుడో ఇచ్చేశాడట. ఒక్కదానికే పేరు లేదు.

“ఇదేంది మామా?”

“కెమెరా సరిజూసుకునేకి తీసిండే ముక్కలు. పనికిరావు,” అంటూనే కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

తెరిచాను. తెర మీద ఒక వీధి, మునగకముందు మామ వాళ్ల ఊరిది. అప్పుడే తెల్లవారిన వెలుగు, పొయ్యిల పొగ. కెమెరా నిదానంగా కదులుతోంది. ఒక గడప, కట్టేసిన మేక, గోడ మీద ఆరేసిన దుప్పటి. మనుషులు లేరు. బయట ఆటోల మోత నా చెవికెక్కడం మానేసింది. మేమిద్దరం నీళ్ల కింద, తడవకుండా, ఆ వీధిలో నడుస్తున్నట్టుంది. ఎక్కడినుంచో ఒక ఆడగొంతు వినిపించింది.

“మాబూ, మజ్జిగ తాగి పోరా!”

మామ ఉలిక్కిపడ్డాడు. “మా పక్కింటి ఓబులమ్మత్త. ఊరు ఖాళీ చేసినప్పుడు యాడికి పోయిందో ఏమో.”

“దీంట్లో ఎవరి మొగమూ లేదు. పెన్ డ్రైవ్‌లో వేసిస్తా, ఉంచుకో.”

“గొంతు ఉంది కదా పాపా. నేను తీస్తాండానని ఆయమ్మకు తెల్దు. అడక్కుండా ఎట్ల పెట్టుకునేది?”

నాకు చిర్రెత్తింది. “ఊరే లేదు. ఇది గూడా పోతే నీకేం మిగుల్తాది మామా?”

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. “సరే, వేసియ్యి. ఆయమ్మను వెతికి అడుగుతా. వద్దంటే తెచ్చి నీకే ఇస్తా, తుడిచెయ్.” ఆ తర్వాత వైప్ బటన్ తనే నొక్కాడు.

కొన్ని వారాలకు పెన్ డ్రైవ్ చేత్తో పట్టుకుని వచ్చాడు. తుడిచెయ్యమనడానికే తెచ్చాడనుకున్నాను.

“వద్దనిందా?”

“ముద్దనూరు కాడ కూతురింట్లో ఉంది. తన గొంతు తనే గుర్తుపట్టలే పాపా. వీధినే చూస్తా, ‘మా గడప, మా గడప’ అని తెరను శానాసేపు తడిమింది.” పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టాడు. “నన్ను ఉంచుకోమనింది. ఆయమ్మకొక కాపీ తియ్యి.”

డిస్క్ అమ్మింది ఆయన, కొన్నది నేను. లోపలున్నది మా ఇద్దరిలో ఎవరిదీ కాదని నాకు అప్పుడు తెలిసింది. కాపీ తీసి ఇచ్చాను.