పాపక్క సముద్రపు తొట్టి

కుందారపల్లిలో రోడ్డుకు ఆనుకొని ఉన్న పెంకుటిళ్ళలో మూడోది పాపక్కది. 1962 నాటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఒక్కతే కూతురు ఉద్దనపల్లిలో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో మూడు ఆవులు, ఒక ఎనుము. పొద్దున్నే పాలు పిండి, రోడ్డు మీది టీ అంగడికీ చుట్టుపక్కల ఇళ్ళకూ పోసి వచ్చేది. పశువు నిలబడిన తీరు చూసి దానికి ఒంట్లో బాగుందో లేదో చెప్పేస్తుందని ఊళ్ళో పేరు.

భర్త ఆంజప్ప లారీ డ్రైవరు. బెంగళూరులో సరుకు ఎత్తి మద్రాసులో దించేవాడు, అక్కడ ఎత్తింది బెంగళూరులో దించేవాడు. వారానికి రెండుసార్లు దారిలో ఇంటి ముందు లారీ ఆపి, అన్నం తిని, కాసేపు నడుం వాల్చి పోయేవాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాడు. గాజులో, వెదురు బుట్టో, ఒకసారైతే తాటి బెల్లం. ఆ ఏడు చలికాలంలో ఒక వెడల్పు మూతి సీసా తెచ్చి గడప మీద పెట్టాడు. లోపల నీళ్ళు, అడుగున ఒక నత్తగుల్ల.

"నత్తనా మామా? మన మడిలో లేవా ఇవి?" అంది పాపక్క.

"ఊరికే ఉండి చూడు."

కాసేపటికి గుల్ల కింద నుంచి ఎర్రటి కాళ్ళు బయటికొచ్చాయి. తర్వాత రెండు కళ్ళు, పుల్లల చివర నిలబెట్టినట్టు. గుల్లను వీపున మోసుకుంటూ అది సీసా చుట్టూ నడిచింది. నత్త చచ్చిపోతే మిగిలిన గుల్లలో దూరి బతికే ఎండ్రకాయ అది. రేవు రాళ్ళ దగ్గర దొరికిందని ఆంజప్ప చెప్పాడు.

పాపక్క ఆ పూట పాలకు ఆలస్యంగా వెళ్ళింది. నాలుగు రోజులు ఎండ్రకాయ సీసాలో తిరిగింది, అయిదో రోజు కదల్లేదు. మూత తీస్తే వాసన. దాన్ని పెరట్లో పూడ్చింది. ఆంజప్ప లారీ మళ్ళీ వచ్చినప్పుడు ఆమె మొదటి మాటే దాని గురించి.

"అంత చిన్న సీసాలో పెడితే యాడ బతుకుతుంది? ఆవును తీసకపోయి గంపలో కట్టేసినట్టు. దానికి చోటు కావల్ల. తొట్టి కట్టిద్దాం."

ఆంజప్ప నవ్వాడు గానీ కాదనలేదు.

తొట్టి కట్టడానికి మేస్త్రీ కొండప్ప వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో సగం పశువుల తొట్లు అతను కట్టినవే. మూడడుగుల పొడవు, రెండడుగుల లోతు సిమెంటు తొట్టి అంటే సరేనన్నాడు. ముందువైపు గోడకు బదులు పాత లారీ అద్దం పెట్టమనేసరికి తాపీ కింద పెట్టాడు.

"నేను శానా తొట్లు కట్టినాను గానీ, అద్దం పెట్టింది ల్యా. అద్దం ఏంటికమ్మా?"

"లోపలోళ్ళు మనల్ని చూసేదానికి," అంది పాపక్క.

కొండప్ప ఈ మాటను గురుబరపల్లి దాకా చెప్పుకొచ్చాడు. కానీ పని మాత్రం బాగా చేశాడు. అద్దం చుట్టూ అతను పెట్టిన అతుకు ఒక్క చుక్క కారలేదు. కొత్త సిమెంటు నీళ్ళు పశువులకే పడవని పాపక్కకు తెలుసు. మూడు వారాలు బావినీళ్ళు నింపడం, పారబోయడం, మళ్ళీ నింపడం చేసింది. ఆ తర్వాతే ఆంజప్ప గాజు జాడీల్లో సముద్రపు నీళ్ళు తెచ్చి పోశాడు. ఆ వెంటనే ఒక బక్కెట్లో అయిదు చేపలు. పసుపు ఒంటి మీద నల్లటి అడ్డగీతలు, ఒక్కోటి బొటనవేలంత. బక్కెట్టుతో సహా తొట్టిలో గుమ్మరించాడు.

మర్నాడు సాయంత్రానికి అయిదూ తేలిపోయాయి.

"ఇది మనకు కాని పని," అన్నాడు ఆంజప్ప. తెచ్చినవాడు తనే కాబట్టి అతనికే ఎక్కువ బాధగా ఉంది. "ఈ తొట్టిలో కుడితి పోసుకో, ఎనుముకన్నా పనికొస్తుంది."

పాపక్క చచ్చిన చేపల్ని ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకొని తిప్పి చూసింది. దెబ్బ లేదు, పుండు లేదు. "సంతలో ఆవును కొనేటప్పుడు అది యాడ మేసింది, ఏం తాగింది అని అడుగుతాం కదా. వీటిని అడక్కుండా తెచ్చినాం. ఈసారి నేను వస్తా."

పక్కింటి కాళమ్మకు రెండు రోజులు పశువుల్ని అప్పజెప్పి, సద్దిమూట కట్టుకొని, పాపక్క లారీ ఎక్కింది. కృష్ణగిరి దాటి అంత దూరం ఆమె పోవడం అదే మొదటిసారి. వాణియంబాడి దాకా దారి పక్క ఊళ్ళ పేర్లు అడుగుతూనే ఉంది, తర్వాత నిద్రపోయింది.

సముద్రం ముందు ఆమె ఎక్కువసేపు నిలబడలేదని ఆంజప్ప తర్వాత అందరికీ చెప్పేవాడు. "బో పెద్దది," అని, తిన్నగా రాళ్ళ గట్టు వైపు నడిచింది. అల వెనక్కి పోయినప్పుడు రాళ్ళ సందుల్లో నీళ్ళు నిలిచే గుంతలున్నాయి. వాటి పక్కన వల చిక్కులు తీస్తూ ఒక ముసలామె కూర్చొని ఉంది. పాపక్కకు అరవం బాగానే వచ్చు. పక్కన చతికిలబడి, ఆ గీతల చేప ఏం తింటుంది, ఒంటిగా ఉంటుందా మందలో ఉంటుందా, దేన్నైనా పొడుస్తుందా అని అడిగింది.

ముసలామె వల పక్కన పెట్టేసింది. ఇన్నేళ్ళలో చేప ఎంత రుచి అని అడిగినవాళ్ళే గానీ, చేపకు ఏం రుచి అని అడిగినవాళ్ళు లేరంది. పాపక్కను గుంతల వెంట తిప్పి చూపించింది. నాచు పట్టిన రాయి ఉత్త రాయి కాదని, దాన్నిండా కంటికి ఆనని ప్రాణాలుంటాయని, అవే నీళ్ళను శుభ్రం చేస్తాయని చెప్పింది. ముందు రాళ్ళు పెట్టి ఒక నెల ఊరుకోమంది. ఒడ్డు నీళ్ళు మురికి, కట్టుమరం తెప్ప మీద లోపలికి పోయి తెచ్చిన నీళ్ళే వాడమంది. ఆమె కొడుకు ఆ సాయంత్రమే జాడీలు నింపి తెచ్చిచ్చాడు.

లారీలో రాళ్ళ మూటలు చూసి ఆంజప్ప, "ఇంత దూరం వచ్చి రాళ్ళు మోసకపోతా ఉండామా, కృష్ణగిరిలో కొండలు తక్కువైనాయా?" అన్నాడు. తడి గోనెల్లో చుట్టిన ఆ రాళ్ళ మీద దారి పొడుగునా నీళ్ళు చల్లింది మాత్రం అతనే.

తొట్టిలో రాళ్ళు, వాటితో వచ్చిన రెండు గుల్ల ఎండ్రకాయలు. అంతే. మొదటి వారం రాళ్ళ మీద గోధుమ రంగు జిడ్డు కమ్మింది. చూడవచ్చినవాళ్ళు ముక్కు మూసుకొని పోయారు. మూడో వారానికి జిడ్డు పోయి పచ్చటి నాచు సన్నగా మొలిచింది. ఎండ్రకాయలు రోజంతా దాన్ని మేస్తూ తిరిగాయి. నీళ్ళకు గాలి అందాలని ఆంజప్ప ఒక ఉపాయం చేశాడు. పాత లారీ ట్యూబును గాలితో నింపి, దాని మూతికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, చివర వేపపుల్ల బిగించి తొట్టిలో వదిలాడు. పుల్లలోంచి ఆవగింజలంత బుడగలు పైకి లేచాయి. పొద్దునా సాయంత్రం ట్యూబు నింపితే చాలు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. వేసవి ఎండకు నీళ్ళు తగ్గుతున్నాయి. తగ్గినంతా జాడీలోని సముద్రపు నీళ్ళతో నింపుతూ వచ్చింది పాపక్క. ఎండ్రకాయలు మందగించి ఒక మూల కూర్చున్నాయి. ఒక పొద్దున పాలలో నీళ్ళు కలిశాయేమో చూసే లాక్టోమీటరు చేతిలో ఉండగా, ఊరికే దాన్ని జాడీ నీళ్ళలోనూ తొట్టిలోనూ వేసి చూసింది. జాడీ నీళ్ళలో కొంచెం పలచబడిన పాలలో మునిగినట్టు మునిగిన గాజు గొట్టం, తొట్టి నీళ్ళలో చిక్కటి జున్నుపాలలో లాగా పైకి లేచి నిలబడింది.

ఆ పూటకు లారీ ఇంటి ముందే ఉంది. పాపక్క ఆంజప్పను లేపింది.

"పొయ్యి మీద సారు కాగి కాగి తగ్గితే ఏమైతాది మామా?"

"ఉప్పైతాది."

"అప్పుడు నీళ్ళు పోస్తామా, ఇంకొంచెం సారు పోస్తామా?"

ఆంజప్ప కళ్ళు నులుముకుంటూ తొట్టి వైపు చూశాడు. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఆ రోజు నుంచి పాపక్క తగ్గినంతకు బావినీళ్ళే చెంబుతో కొంచెం కొంచెంగా పోసేది. లాక్టోమీటరు నిలబడాల్సిన చోట ఎర్ర దారం కట్టుకుంది. వారానికల్లా ఎండ్రకాయలు మళ్ళీ మేతకు బయల్దేరాయి.

అప్పుడు చేపను తెమ్మంది. ఒక్కటే.

ఆంజప్ప కుండలో తెచ్చిన చేపను ఈసారి ఎవరూ గుమ్మరించలేదు. చేపకు కొత్త నీళ్ళు మెల్లగా అలవాటు కావాలని, పాపక్క కుండను తొట్టి పక్కన కింద పెట్టి, ఒక కొస తొట్టి నీళ్ళలో ముంచిన లావుపాటి నూలు వత్తిని అంచు మీదుగా కుండలోకి వేలాడదీసింది. తొట్టి నీళ్ళు వత్తి వెంట చుక్క చుక్కగా కుండలో పడ్డాయి. కుండ నిండడానికి మధ్యాహ్నం అయింది. ఆ తర్వాతే చేపను చేత్తో ఎత్తి తొట్టిలో వదిలింది. అది రాయి చాటుకు పోయి, అక్కడి నుంచి తొంగి చూసింది. మర్నాడు నానబెట్టిన ఎండురొయ్య పొడి వేస్తే తినింది. పదో రోజుకు పాపక్క అద్దం ముందుకొస్తే తనూ ముందుకొచ్చేది.

రెండో చేపను తెచ్చిన రోజు ఆంజప్ప తొట్టిలో వదలబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. "సంతలో కొన్న ఆవును తెచ్చిన పొద్దే కొట్టంలో కట్టేస్తామా? గాలికుంటు ఉంటే అన్నిటికీ అంటుకోదా?" వేరే పెద్ద కుండలో పదిహేను రోజులు ఉంచింది. నాలుగో రోజే దాని రెక్కల మీద తెల్లటి చుక్కలు లేచాయి, ఉప్పు చల్లినట్టు. వారానికి అది చచ్చిపోయింది. తొట్టిలోది మాత్రం హాయిగా తిరుగుతోంది. ఆ తర్వాత తెచ్చింది పదిహేను రోజులూ చుక్క లేకుండా గడిపింది.

దాన్ని తొట్టిలో వదలగానే పాత చేప విరుచుకుపడింది. కొత్తది ఎటు పోతే అటు తరిమింది, తోక కొరికింది. చూడవచ్చిన కాళమ్మ అద్దం ముందు కూర్చొని, "అచ్చం మా తోడికోడలే," అంది. పాపక్క కొత్తదాన్ని బయటికి తీసి కుండలో పెట్టింది. తర్వాత చెయ్యి పెట్టి, తొట్టిలోని రాళ్ళన్నిటినీ ఎత్తి వేరే చోట్ల పేర్చింది. కొట్టంలోకి కొత్త ఆవు వచ్చినప్పుడు ఆమె అన్నిటి గుంజలూ మార్చేది. పాత ఆవుకు తన చోటు ఏదో తెలియకపోతే కొమ్ము విసరదు. మళ్ళీ రెండింటినీ వదిలితే, పాత చేప తన ఇల్లు వెతుక్కోవడంలో మునిగిపోయింది. అది తేరుకునేసరికి కొత్తది కూడా ఒక సందు చూసుకొంది. రెండు రోజులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి, మూడో రోజు కలిసి మేశాయి.

ఆ తర్వాత ఏడాదికి ఒకటో రెండో చేరాయి. పావలా అంత నక్షత్రపు చేప, ఇంకో నాలుగు గుల్ల ఎండ్రకాయలు. ఒకసారి ముసలామె తనంతట తనే ఒక సముద్రపు పువ్వును రాయితో సహా పంపింది. చూడ్డానికి పువ్వే గానీ ప్రాణి. సన్నటి వేళ్ళ లాంటి రేకులతో రొయ్య ముక్కను పట్టి మింగుతుంది. ఆవులకు మేత వేసి వచ్చి, పాపక్క దానికి పుల్లతో ముక్క అందించేది. టీ అంగడి దగ్గర ఆగిన బస్సు లోంచి జనం దిగి, "సముద్రం ఉండే ఇల్లు యాడ?" అని అడగడం మొదలైంది.

1966లో ఒక ఆవుకు పొదుగు వాచి, కృష్ణగిరి నుంచి పశువుల డాక్టరు సుబ్బరాయప్ప వచ్చాడు. కొట్టంలోకి పోయే దారిలో తొట్టి కనిపించింది. సంచి కింద పెట్టి అక్కడే వంగిపోయాడు. మద్రాసులో చదువుకున్నప్పుడు కూడా సముద్రపు ప్రాణుల్ని ఇంత దగ్గరగా చూడలేదన్నాడు.

"డాక్టర్ సారూ, ముందు ఆవు," అంది పాపక్క.

ఆవుకు సూది వేసి, చేతులు కడుక్కొని మళ్ళీ తొట్టి దగ్గరికే వచ్చాడు. గాలి ట్యూబూ, దారం కట్టిన లాక్టోమీటరూ, కుండా, వత్తీ అన్నీ అడిగి తెలుసుకున్నాడు. "ఎవరు నేర్పించినారమ్మా ఇదంతా?"

"సగం రేవులో ముసలామె. మిగతాది మా ఆవులు."

ఆ వానాకాలం ఒక పొద్దున సముద్రపు పువ్వు సాగి, నడుమ సన్నబడి కనిపించింది. సాయంత్రానికి చినిగిపోతున్నట్టే ఉంది. పాపక్క అన్నం తినలేదు. ముసలామెను అడిగి రమ్మని ఆంజప్పను మద్రాసు పంపించింది. అతను జవాబు తెచ్చేలోపే మూడో రోజున తొట్టిలో రెండు పువ్వులున్నాయి. రెండూ చిన్నవే, రెండూ ఆకలి మీదే ఉన్నాయి. లారీ ఆగగానే పాపక్క ఎదురుపోయి, "పువ్వు ఈనింది మామా," అంది.

కబురు తెలిసి సుబ్బరాయప్ప ఒకటి తనకు ఇవ్వమని అడిగాడు. అప్పటికే తన ఇంటి వసారాలో తొట్టి కట్టించుకొని, ఆమె చెప్పినట్టే రాళ్ళు పెట్టి రెండు నెలలుగా కాచుకొని ఉన్నాడు. పాపక్క చిన్న రాయి మీద అతుక్కున్న పువ్వును జాడీలో పెట్టుకొని, ఒడిలో పట్టుకొని బస్సులో కృష్ణగిరి పోయింది. డాక్టరు వీధిలోనే ఎదురొచ్చి జాడీ అందుకొని, తిన్నగా తొట్టిలో వంచబోయాడు.

"ఆగండి సార్."

ఆయన ఆగాడు. పాపక్క జాడీని నేల మీద పెట్టి, కొంగున ముడివేసి తెచ్చిన వత్తిని తీసి తొట్టి అంచు మీదుగా వేలాడదీసింది. చుక్కలు పడడం మొదలైంది. డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఆయన భార్య ఉప్పిండి, కాఫీ తెచ్చి పెట్టింది. ముగ్గురూ నేల మీదే కూర్చొని తిన్నారు. పన్నెండు గంటలప్పుడు పాపక్క పువ్వును రాయితో సహా తొట్టి మధ్యలో పెట్టింది.

కాసేపు అది ముడుచుకొని ఉంది. తర్వాత రాయిని వదిలేసి, నీళ్ళలో ఊగుతూ పోయి, కిటికీ వైపు మూలలో ఒక బండ కింద అతుక్కుంది. డాక్టరు తన పడక కుర్చీని తొట్టికి ఎదురుగా ముందే వేయించుకొని ఉన్నాడు. అక్కడి నుంచి చూస్తే పువ్వు బొత్తిగా కనిపించదు.

"కొంచెం ఇటుపక్కకు జరిపితే బాగుంటుందేమో పాపక్కా," అన్నాడాయన మెల్లగా.

"వెలుతురు చూసి దాని చోటు అదే ఏరుకొనింది సార్. మీ కుర్చీని జరుపుకోండి," అంది పాపక్క.

డాక్టరు, ఆయన భార్య చెరోవైపు పట్టి కుర్చీని కిటికీ దగ్గరికి జరిపారు. పాపక్క ఖాళీ జాడీ తీసుకొని, సాయంత్రం పాలు పిండే వేళకు ఇంట్లో ఉండాలని రెండు గంటల బస్సుకు బయల్దేరింది.